ఇంగువ కట్టిన గుడ్డ

మాంసంలో ఇంగువ వేస్తారని నాకు ఇరవై నాలుగో ఏట తెలిసింది. ఎవరూ చెప్పలేదు. మెట్ల మీదుగా ఎక్కి వచ్చిన వాసన చెప్పింది.

1985 అక్టోబరు. శ్రీనగర్‌లో రైనావారీ అనే పేటలో ఒక పాత ఇటుక ఇంటి పైభాగంలో గది అద్దెకు తీసుకుని రెండు రోజులైంది. గుంటూరు దగ్గర మా పల్లె నుంచి జమ్మూ దాకా రైళ్లు మారుతూ, అక్కడి నుంచి మూడువందల కిలోమీటర్లు బస్సులో కొండ అంచులు పట్టుకుని, బనిహాల్ దగ్గర చీకటి సొరంగం దాటి ఆ లోయలో దిగాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. మొదటి పోస్టింగు. మా అమ్మ ట్రంకుపెట్టెలో సర్దిన వాటిలో మూడొంతులు పచ్చళ్లే. కిటికీ తెరిస్తే హరి పర్బత్ కొండ మీది కోట కనబడేది. కిటికీ తెరవాలంటే మాత్రం ధైర్యం కావాలి.

ఆ ఆదివారం పొద్దున కింది వంటింట్లోంచి వాసనలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముందు ఆవనూనె పొగ. ఆ తర్వాత ఇంగువ. ఇంగువ అంటే మాకు పులిహోర, పప్పుచారు. సరే, ఏదో పులుసు పెడుతున్నారనుకున్నాను. కాసేపటికి శొంఠి. శొంఠి అంటే బాలింతకు మొదటి ముద్దలో కలిపి పెట్టేది. దాని వెనకే సోంపు. అది హోటల్లో భోజనమయ్యాక బిల్లుతోపాటు చిన్న గిన్నెలో తెచ్చిపెట్టేది కదా! పులిహోర, బాలింత పథ్యం, హోటలు బిల్లు, ఈ మూడూ కలిపి వీళ్లు ఏం వండుతున్నారో అంతుపట్టలేదు. అప్పుడు వీటన్నిటినీ పక్కకు నెట్టి వేగుతున్న మాంసం వాసన వచ్చింది. మధ్యాహ్నం ఇంటాయన కింద నుంచి పిలిచారు. "మద్రాసీ బేటా, దిగి రా. ఈ రోజు రోగన్ జోష్."

మాది మద్రాసు కాదని ఆ మూడేళ్లలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఇంటాయన రిటైరైన ఉర్దూ, ఫారసీ మాస్టారు. అందరికీ మాస్టర్‌జీ. ఆయన భార్యను ఇంట్లోవాళ్లు, వీధిలోవాళ్లు కూడా 'కాకనీ' అనే పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను. కశ్మీరీ పండితుల ఇల్లు. కాకనీ చెవుల నుంచి రెండు బంగారు బిళ్లలు గొలుసులకు భుజాల దాకా వేలాడుతుండేవి. మన మంగళసూత్రం లాంటివి అవి, వాటి పేరు డేజ్‌హోర్. ఆవిడ పొయ్యి మీదకు వంగినప్పుడల్లా వాటిని వెనక్కి వేసుకునేవారు. నా హిందీ అంతా మా ఊళ్లో రాష్ట్రభాష పరీక్షలకు చదివిన హిందీ. "మాతాజీ, మైఁ అత్యంత ఆభారీ హూఁ" అన్నప్పుడు కోడలు కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది.

మొదటి ముద్దకు నేను గట్టిగా సిద్ధమై కూర్చున్నాను. గిన్నెలో కూర మోదుగుపువ్వు రంగులో ఉంది. పైన ఎర్రటి నూనె అద్దంలా తేలుతోంది. మా వైపు ఆ రంగు కనబడితే మంచినీళ్ల చెంబు దగ్గరికి జరుపుకుని మొదలుపెట్టాలి. నేనూ అదే చేశాను. తీరా నోట్లో పెట్టుకుంటే కారం లేదు! గోరంత వెచ్చదనం, శొంఠి ఘాటు, చివర్లో సోంపు తీపి. మాంసం ఎముకను వదలడానికి ఒక్క వేలు చాలింది. నచ్చిందా అంటే, నిజం చెప్పాలి, ఆ రోజు నచ్చలేదు. ఉల్లిపాయ లేదు, వెల్లుల్లి లేదు. అల్లం వెల్లుల్లి ముద్ద తగలని వేటమాంసం నా లెక్కలో పెళ్లికొడుకు లేని పెళ్లి. రెండో ఆదివారం ఫరవాలేదనిపించింది. మూడో ఆదివారం పిలుపు రాకముందే మెట్లు దిగాను.

ఆ చలికాలం ఆ వంటింట్లోనే గడిచింది. డిసెంబరు 21 నుంచి జనవరి 30 దాకా నలభై రోజులు 'చిల్లై కలాన్'. కుళాయిలు గడ్డకట్టిపోతాయి. ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల కాంగ్డీ పెట్టుకుని తిరగాలి. అదొక మట్టి కుంపటి, చుట్టూ తీగలతో అల్లిన బుట్ట. పొట్ట దగ్గర నిప్పులు పెట్టుకుని నిద్రపోయే మనుషులను చూసి మొదట హడలిపోయాను. ఆ ఇంట్లో అన్నిటికంటే వెచ్చటి చోటు మట్టి పొయ్యి పక్కన పరిచిన చాప. అక్కడ కూర్చుని కాకనీ వంటను చూసి చూసి నేర్చుకున్నాను.

పొయ్యి పైన గోడకు ఒక మేకు. ఆ మేకుకు ఒక గుడ్డ మూట. ఒకప్పుడు తెల్లగా ఉండి ఉంటుంది. లోపల ఇంగువ ముద్ద. కాకనీ దాన్ని తీసి, ఇత్తడి గిన్నెలోని గోరువెచ్చటి నీళ్లలో రెండుసార్లు ముంచి, పిండి, మళ్లీ మేకుకు తగిలించేవారు. ఆ నీళ్లే కూరలోకి. ఇంగువ కట్టిన గుడ్డ అని మనం సామెతగా వాడతాం, ఎప్పటి వైభవం తాలూకు వాసనో ఇంకా వదలని వాళ్ల గురించి. నాకు ఆ గుడ్డ సాక్షాత్తూ దర్శనమిచ్చింది అక్కడే.

మాంసం గొర్రెది. మేక మాంసమంటే వాళ్లకు చిన్నచూపు. కొండమీద పచ్చిక మేసిన గొర్రె, కాస్త కొవ్వుతో, పెద్ద పెద్ద ముక్కలుగా, ఎముకతో సహా. ఆవనూనె పొగ వచ్చేదాకా కాచి, లవంగాలు, నల్ల యాలకులు, దాల్చినచెక్క వేసి, ముక్కలు వేసి, ఇంగువ నీళ్లు, చిలికిన పెరుగు. ఇక అక్కడి నుంచి ఓపిక. పెరుగు నీరంతా ఇగిరి, ముక్కలు గిన్నె అడుగున పట్టుకుంటాయి. మనమైతే మాడిందని కంగారుపడి నీళ్లు కుమ్మరిస్తాం. కాకనీ పట్టుకోనిచ్చేవారు. సరిగ్గా ఎర్రబడే క్షణంలో నాలుగు చుక్కలు చిలకరించి, చెక్క గరిటెతో అడుగు గీకి, ముక్కలు తిప్పేవారు. మళ్లీ పట్టుకోనివ్వడం, మళ్లీ చిలకరించడం. ఐదారుసార్లు. "రంగు మిర్చిది కాదు, అడుగుది" అనేవారు. ఆ తర్వాతే కశ్మీరీ మిరప్పొడి, సోంపు పొడి, శొంఠి పొడి, కావలసినన్ని నీళ్లు. సన్నటి సెగ మీద రెండు గంటలు. చివర్లో 'వేర్' అనే మసాలా బిళ్ల తుంపి వేసేవారు. నడుమ చిల్లుతో, ఎండబెట్టి, దారానికి గుచ్చి గోడకు వేలాడదీసిన ఆ బిళ్లలను మొదటిసారి చూసి నేను ఎండు గారెలనుకున్నాను. ఒకటి అడిగి కొరికాను కూడా. ఆ సంగతి ఇక వదిలేద్దాం.

టమాటా ఎక్కడా లేదని గమనించే ఉంటారు. హైదరాబాదులో ఏ మెనూలో రోగన్ జోష్ కనబడినా తెప్పించుకోవడం, ఉల్లి టమాటా గుజ్జులో ఈదుతున్న నాలుగు ముక్కలు చూసి నిట్టూర్చడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు. మా ఆవిడ ఇప్పుడు నా మొహం చూడకుండానే "అది కాదు కదా?" అంటుంది.

మాస్టర్‌జీ జజీర్, అంటే వాళ్ల హుక్కా, గుడగుడలాడిస్తూ పేరు వివరించేవారు. ఫారసీలో రోగన్ అంటే నూనె, నెయ్యి. జోషీదన్ అంటే మరగడం. కొవ్వులో, నూనెలో మరిగి మరిగి వండినది రోగన్ జోష్. "జోష్ అంటే మీ హిందీ సినిమా ఆవేశం కాదు, గుర్తుపెట్టుకో" అని వేలు చూపించేవారు. రోగన్ అంటే ఎరుపు అనేవాళ్లూ ఉన్నారని ఎవరో అన్నందుకు ఆయన ఒక పూట అన్నం సరిగ్గా తినలేదు. పేరు ఫారసీది కాబట్టి వంట కూడా అటు నుంచే వచ్చిందని, 1586లో అక్బరు సేనలు లోయను గెలుచుకున్నాక మొగలుల వెంట వచ్చిందని చాలామంది చెబుతారు. మాస్టర్‌జీకి ఆ మాట సగమే సమ్మతం. "పేరు వాళ్లది కావచ్చు. ఇంగువ, సోంపు, శొంఠి మావి" అనేవారు. నాకు ఆశ్చర్యం కలిగించింది మరో సంగతి. మిరపకాయ మన దేశానికి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. లోయ దాకా పాకడానికి ఇంకా ఎంత కాలం పట్టిందో. మరి అంతకుముందు ఈ కూర ఎరుపు ఎక్కడిది? రతన్ జోత్ అని ఒక మొక్క వేరు, వేడి నూనెలో వేస్తే నూనె రక్తంలా మారుతుంది, రుచి ఏమీ ఇవ్వదు. ఇంకోటి మవల్. దాన్ని చూడటానికి నేను ఒక పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది.

మా ఆఫీసులో నా పక్క బల్ల మిత్రుడి చెల్లెలి పెళ్లి, శ్రీనగర్‌లోనే ఖన్యార్ అనే పేటలో. ముస్లిం కుటుంబం. ముందు రోజు రాత్రే రమ్మన్నాడు, తినడానికి కాదు, చూడటానికి. పెరట్లో కందకం తవ్వినట్టు పొడవాటి పొయ్యి, కట్టెల మంట, దాని మీద వరసగా కళాయి పూసిన రాగి డేగులు, అంటే పెద్ద వంట గిన్నెలు. వంటవాళ్లను వాజాలంటారు. పెద్ద వంటవాడు వస్తా వాజా. తైమూరు కాలంలో సమర్‌కంద్ నుంచి వచ్చిన వంటగాళ్ల సంతతి తామని వాళ్లు చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, ఆ పెద్దాయన గరిటె పట్టుకున్న తీరు చూస్తే కాదనడానికి నోరు రాదు. ఒక మూల ఇద్దరు కుర్రాళ్లు రాతి దిమ్మ మీద కొయ్య సుత్తులతో మాంసాన్ని దంచుతున్నారు, రిస్తా ఉండలకు, గుష్తాబా ఉండలకు. మన ఊళ్లో అటుకులు దంచే చప్పుడు లాంటిదే. అది రాత్రంతా ఆగలేదు.

ఒక డేగు పక్కన గిన్నెలో ముదురు ఎర్రని నీళ్లు, అందులో నానుతున్న పూలు. వంగి చూసి నిలబడిపోయాను. కోడిజుట్టు పూలు! మా పెరట్లో గోడవారగా పూసేవి. తెలంగాణ మిత్రులు బతుకమ్మలో పట్టుకుచ్చు పూలంటూ పేర్చేవి. అదే మవల్. ఆ ఎరుపు మిరపకాయ కంటే ముందు నుంచీ ఉన్నది. వస్తా వాజా ఒక గరిటెడు తీసి రోగన్ జోష్‌లో పోశాడు. కూర ఒక్కసారిగా సాయంకాలం రంగుకు తిరిగింది. ఆ కూరలో ఇంగువ లేదు, వెల్లుల్లి ఉంది. ప్రాన్ అనే చిన్న ఉల్లి వేయించి నూరిన ముద్ద ఉంది. కాకనీ కూరకు ప్రాణం పెరుగైతే ఈ కూరకు ప్రాణం ఆ ప్రానే.

మర్నాడు భోజనం. నలుగురికి ఒకే పళ్లెం, త్రామి. మన బంతిలో ఎవరి విస్తరి వారిది. పక్కవాడి మెతుకు ఇటు పడితే పెద్దవాళ్లు కనుబొమలు ఎగరేసేవారు. ఇక్కడ నేనూ, ఆనాడే పరిచయమైన ముగ్గురూ ఒకే అన్నపు గుట్ట చుట్టూ. ఇత్తడి కూజాతో ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నచోటే చేతులు కడిగించాడు. ఎవరి వైపు అన్నం వారు తింటారు, హద్దు ఎవరూ గీయరు, ఎవరూ దాటరు. తబక్ మాజ్ అనే వేయించిన పక్కటెముకలు, కబాబులు ముందే ఉన్నాయి. ఆపైన ఒక వాజా వచ్చి రిస్తా, ఇంకో విడత రోగన్ జోష్, ఆ తర్వాత లెక్క తప్పాను. చివరికి పెరుగు పులుసులో గుష్తాబా వచ్చింది. అది వచ్చిందంటే ఇక లేవమని అర్థమట. నేను లేవగలిగితే కదా.

మాస్టర్‌జీ, కాకనీ ఆ పెళ్లికి వచ్చారు. పిల్లను దీవించారు, బాదంపప్పు, కలకండ తీసుకున్నారు, భోజనానికి కూర్చోలేదు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఇంటికొచ్చాక కాకనీ నన్ను అడిగింది ఒక్కటే. "వాళ్ల రోగన్ జోష్ ఎలా ఉంది?" బాగుందన్నాను. "ఆఁ, బాగానే చేస్తారు" అని, ఒక నిమిషం ఆగి, "వెల్లుల్లి వేస్తే ఏదైనా బాగానే ఉంటుంది" అన్నారు. ఏది అసలైన రోగన్ జోష్ అని ఇప్పుడు జనం కొట్టుకుంటుంటే నాకు ఆ వాక్యమే గుర్తొస్తుంది. మాంసం మాత్రం రెండు ఇళ్లకూ మూలమీది ఒకే కసాయి కొట్టు నుంచి వచ్చేది.

ఇక శివరాత్రి. మా అమ్మ శివరాత్రికి పచ్చి మంచినీళ్లు ముట్టదు. నేనూ పదేళ్ల వయసు నుంచి ఉపవాసం, జాగారం. 1987లో ఆ పండక్కి కాకనీ వంటింట్లో చేపలూ మాంసమూ సిద్ధమవుతుంటే నా గుండె జారింది. వాళ్లకు అదే అతి పెద్ద పండగ. పేరు హేరథ్. శివుడి భైరవ రూపమైన వటుకుడి పూజకు మట్టికుండలు, వాటిలో నీళ్లు పోసి అక్రోటుకాయలు నానబెడతారు. ఇంటి యజమాని ఉపవాసం ఉంటారు, రాత్రంతా పూజ నడుస్తుంది. కొన్ని ఇళ్లలో శాకాహారమే. ఈ ఇంట్లో మాత్రం రోగన్ జోష్ లేకుండా శివుడు గడప దాటడు. నన్ను కాపాడింది పంచాంగం. వాళ్ల హేరథ్ త్రయోదశి నాడు, మన శివరాత్రి చతుర్దశి నాడు. ఈ సందులో నుంచి దూరి త్రయోదశి రాత్రి రెండుసార్లు వడ్డించుకుని, చతుర్దశి పొద్దున శంకరాచార్య కొండెక్కి శివుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇంటికి రాసిన ఇన్‌లాండ్ లెటర్లో కొండెక్కిన సంగతి వివరంగా రాశాను.

అదే రోజు మధ్యాహ్నం నా ఆఫీసు మిత్రుడు వచ్చాడు. హేరథ్ మర్నాటిని సలామ్ అంటారు. ముస్లిం ఇరుగుపొరుగు వచ్చి పండగ శుభాకాంక్షలు చెప్పే రోజు. వాడు చాప మీద కూర్చుని, వెల్లుల్లి లేని రోగన్ జోష్‌ను ఎముక పీల్చి మరీ తిని, "మా అమ్మకు చెప్పకండి" అన్నాడు. కాకనీ ముఖం వెలిగిపోయింది. ఉపవాసంలో ఉన్న నేను ఆ పక్కనే కూర్చుని చూశాను. పాపం ఊరకే పోదంటారు.

ఇప్పుడు అసలు ఘనకార్యం. ఆ ఏడు ఉగాదికి సెలవు మీద ఊరెళ్లి, వచ్చేటప్పుడు మా అమ్మ స్వయంగా తొడిమలు తీసి, ఎండబెట్టి, దంచి ఇచ్చిన గుంటూరు కారం కిలో తెచ్చాను. పసుపు చీర చుట్టినట్టు గుడ్డలో చుట్టి కాకనీకి కానుకగా ఇచ్చాను. ఆవిడ ఎంతో ముచ్చటపడి, రంగు బాగుందని మెచ్చుకుని, ఆదివారం కూరలో వేశారు. తన కొలతలో వేశారు. కశ్మీరీ మిర్చి రంగు కోసం వేసేది, దాన్ని నిండు చెంచాలతో కొలుస్తారు. నేను ఇంట్లో లేను. ఉంటే చెప్పేవాణ్ణి. వచ్చేసరికి కోడలు కళ్లు తుడుచుకుంటూ వాకిట్లో నిలబడి ఉంది, పిల్లలు పెరుగు గిన్నె ముందు నాలుక బయటపెట్టి కూర్చున్నారు, కాకనీ కొడుకు నీళ్ల బిందె దగ్గర. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మాస్టర్‌జీ ఒక్కరే చాప మీద కదలకుండా కూర్చుని తింటున్నారు. ముక్కు, కళ్లు ధారలు కడుతున్నాయి, చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి నన్ను చూసి, పక్కన కూర్చోమని సైగ చేసి, ఊపిరి అందినప్పుడు అన్నారు. "బేటా, నేను నలభై ఏళ్లు పిల్లలకు తప్పు చెప్పాను. జోష్ అంటే ఇది." పళ్లెం కాకనీ వైపు తోసి, ఇంకో గరిటె అడిగారు.

ఆ తర్వాత ఆ డబ్బా పై అరలోకి వెళ్లిపోయింది. అప్పుడప్పుడూ మాస్టర్‌జీ దొంగతనంగా చిటికెడు కలుపుకోవడం నేను చూసి, చూడనట్టు ఊరుకునేవాణ్ణి.

1988లో నాకు బదిలీ అయింది. కాకనీ సోంపు పొడి, మూడు వేర్ బిళ్లలు కట్టి ఇచ్చారు. 1990 చలికాలంలో లోయ విడిచి వెళ్లిన పండిత కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. నేను రాసిన ఉత్తరాలు రెండు తిరిగి వచ్చాయి. మూడోదానికి ఏడాది తర్వాత జమ్మూ నుంచి, మాస్టర్‌జీ ఉర్దూ చేతిరాతలో కాదు, కొడుకు హిందీ చేతిరాతలో జవాబు వచ్చింది. ఇంటి సంగతి అందులో ఏమీ లేదు. నేనూ అడగలేదు.

మళ్లీ చూసింది 2004 జూన్‌లో. జమ్మూ ఎండ మన రెంటచింతల ఎండకు తీసిపోదు. రెండు గదుల ఇల్లు, కూలరు చప్పుడు. మాస్టర్‌జీ గోడ మీద దండ వేసిన ఫొటోలో ఉన్నారు. కాకనీ బాగా కుంగిపోయారు గానీ డేజ్‌హోర్‌ను వెనక్కి వేసుకునే తీరు మారలేదు. గ్యాసు పొయ్యి, ప్రెషర్ కుక్కరు, మేక మాంసం. వాటన్నిటినీ వరసగా తిట్టుకుంటూ రోగన్ జోష్ మొదలుపెట్టారు. పొయ్యి పైన గోడకు మేకు, మేకుకు గుడ్డ మూట. అది పాత గుడ్డేనా అని అడగబోయి ఆగిపోయాను. వాసన మాత్రం అదే.

నేను తెచ్చిన పొట్లం ఇచ్చాను. ఆవిడ విప్పకుండానే ముక్కు దగ్గర పెట్టుకుని, "తినడానికా, పగ తీర్చుకోవడానికా?" అన్నారు. కోడలు అప్పటికే నవ్వుతోంది. కాకనీ పొట్లం విప్పి, రెండు వేళ్లతో ఒక్క చిటికెడు తీసి, కూరలో వేయబోతూ ఫొటో వైపు తిరిగి కశ్మీరీలో ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు. ఇంకో చిటికెడు కూడా వేశారు. కోడలు ఏమీ అనకుండా వెళ్లి, మూడు గ్లాసుల నిండా నీళ్లు తెచ్చి మా ముందు పెట్టింది.